బుడగ లేని సీసా

మెట్టుగూడలోని ఆ సందులో ఒక యంత్రం రెండేళ్లుగా గొణుగుతోంది. పక్కనే మూతపడ్డ వర్క్‌షాపువాళ్లు ఒకప్పుడు ఇనుప సామాను జిడ్డు వదిలించే మందును వెనక గుంతలో పారబోశారు. భూమి దాన్ని భద్రంగా దాచి, బోర్ల ద్వారా ఇంటింటికీ సమానంగా పంచింది. ఆ నీళ్లను తోడి, గాలి ఊది, బొగ్గులో వడకట్టడం యంత్రం పని. నీళ్లు బాగయ్యాయని పరీక్షలో తేలేదాకా బోర్లకు తాళాలు, జనానికి ట్యాంకర్లు.

చివరికి తేలింది. మందు ఆనవాలు కూడా లేదన్న రిపోర్టు చదివి, కాలనీ సెక్రటరీ తుకారాం లడ్డూలు పంచాడు. ఆదివారం యంత్రానికి వీడ్కోలు సభ, బోర్ల తాళాలు తీసే ఉత్సవం. శాలువా కూడా కొన్నాడు, ఎవరికన్నది ఇంకా తేలలేదు.

ప్రిసిల్లా లడ్డూ తీసుకుంది కానీ తినలేదు. మిషన్ స్కూల్లో ముప్పై ఒక్కేళ్లు ల్యాబ్ అటెండరు. అన్నేళ్లలో ఆమెను వేదికపైకి పిలిచింది ఒక్కసారి, మైకు ఫ్యూజు వేయడానికి.

"నీళ్లు దేంట్లో పట్టారు తుకారాం గారూ?"

"కూల్‌డ్రింక్ బాటిల్ల పట్టిన అక్కా. సగం బాటిల్ చాలదా ఏందీ?"

దాన్ని స్కూటర్‌కు తగిలించుకుని, ఎండలో, దారిలో బావమరిది ఇంట్లో భోంచేసి మరీ నీళ్లు పరీక్షించే ల్యాబ్‌కు చేర్చాడట.

"ఆ మందు గాలి దొరికితే ఎగిరిపోతుందండీ. యంత్రం రెండేళ్లుగా చేస్తున్న పని మీ బాటిల్ భోజనం టైములో చేసేసింది."

"లడ్డూలు తిన్నంక చెప్తే ఎట్ల అక్కా?"

లడ్డూలు తిన్నవాళ్లంతా ఆయన పక్షమే. ట్యాంకర్ల తక్లీఫ్ ఇంకెన్నాళ్లని అడిగారు. ప్రిసిల్లా వాదించలేదు. బస్సెక్కి ల్యాబ్‌కెళ్లి, చిన్న గాజుసీసాలు, ఐసుపెట్టె తెచ్చుకుంది. శనివారం పొద్దున బోరు తాళం తీయించింది. పైపులో నిలవున్న నీళ్లు పోనిచ్చి, సీసా అంచుపైన నీళ్లు ఉబికేదాకా మెల్లగా నింపి, మూత బిగించి, తలకిందులు చేసింది. ఆవగింజంత బుడగ. పారబోసింది. మళ్లీ బుడగ, మళ్లీ పారబోత. నాలుగోసారికి చూసేవాళ్లంతా ఇళ్లకెళ్లారు. తాళంచెవి తనదే కనక తుకారాం గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఐదోసారి బుడగ లేదు. అది ల్యాబ్‌కు వెళ్లింది, ఉత్సవం వాయిదా పడింది.

వారానికి రిపోర్టు వచ్చింది. మందు, ఉండదగినదానికి మూడింతలు. ఈసారి ఎవరూ ఏమీ పంచలేదు. బోర్లకు తాళాలు అలాగే ఉన్నాయి, యంత్రం గొణుగుతూనే ఉంది. సందులో సగంమంది ప్రిసిల్లాతో మాట మానేశారు. ఆమె ట్యాంకర్ దగ్గర బిందె పెట్టి, అందరిలాగే వరసలో నిలబడింది.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష. ప్రిసిల్లా వచ్చేసరికి తుకారాం ఐసుపెట్టెకు ఎండ తగలకుండా ఆ శాలువా కప్పి, సీసా నింపి, తలకిందులు చేసి చూస్తున్నాడు. లోపల చిన్న బుడగ.

తుకారాం సీసా వంచేశాడు.

"ఇంకోసారి పడ్తా అక్కా."