వంతెన పని ఆపించిన వర్గమూలం

మా సారు పోయారని మొన్న ఉదయం వికారాబాద్ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పందొమ్మిదివందల అరవైల్లో హైదరాబాద్‌లోని ఒక లెక్కల కేంద్రంలో ఆయన నా పైఅధికారి. గదంత పెద్ద కంప్యూటర్ మీద పని. వికారాబాద్ నుంచి రోజూ రైల్లో కలిసి పోయొచ్చేవాళ్లం.

సారుకు మిషన్ మీద నమ్మకం ఉండేది, భక్తి ఉండేది కాదు. అది ఇచ్చిన జవాబుల్లో ఏదో ఒకటి పట్టుకుని, ఇంట్లో పరిచిన తాండూరు బండల మీద సుద్దముక్కతో మళ్లీ చేసేవారు. అంకెలు వంటింటి దాకా పాకేవి. సారు భార్య తడిగుడ్డతో తుడుస్తూ సణిగేవారు. మిషన్‌కు ఫికర్ ఉండదు, మనకే ఉండాలె అనేవారాయన.

ఒక ఆదివారం ఆ బండల మీదే గొడవ బయటపడింది. తాండూరు అవతల వాగు మీద కట్టే వంతెన స్తంభాలు ఎంత లావుండాలో మేమే లెక్కగట్టి పంపాం. సారు సంతకం చేశారు. ఇప్పుడు సుద్ద లెక్కలో స్తంభం లావుగా వస్తోంది, మిషన్ లెక్కలో సన్నగా ఉంది. అక్కడేమో వానలు ముంచుకొస్తున్నాయని పునాది గుంతలు తవ్వేశారు. మంగళవారం కాంక్రీటు పోస్తారు.

సోమవారం వెతికితే, వర్గమూలం తీసే రెడీమేడ్ లెక్కలో తప్పు దొరికింది. అలాంటి లెక్కలన్నీ కట్టిన మూటనే లైబ్రరీ అనేవాళ్లం. దిద్ది మళ్లీ నడిపాం. అదే తప్పు జవాబు వచ్చింది. మా రాతను మిషన్ భాషలోకి మార్చేది కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం. రాతలో మారకుండా ఉండే సంఖ్యలకు వర్గమూలాలు అదే ముందుగా లెక్కగట్టి పెట్టేస్తుంది. దాని కడుపులో ఉన్నది పాత లైబ్రరీ. పైన మేమెంత దిద్దినా అది లోపలి తప్పునే వడ్డిస్తోంది. సంగతి సారుకే తట్టింది.

"మనం రాసింది మంచిగనే ఉన్నది. చదివేటోడే తప్పు నేర్సుకున్నడు. కంపైలర్‌నే మళ్ల తయారు జెయ్యాలె."

అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. మంగళవారం పొద్దున్నే ఇద్దరం తాండూరులో దిగి వాగుకు పరుగెత్తాం. అప్పటికే కంకర కలుపుతున్నారు. ఓవర్సీయర్ మండిపడ్డాడు. వానొస్తే ఏడాది పోతుంది, మిషన్ మాట మార్చిందని పని ఆపుతామా అన్నాడు. ఆయన బాధ ఆయనది. తప్పు ఒప్పుకుంటే సారు ఉద్యోగమూ ఊడొచ్చు. సారు గుంతలోకి దిగి నిలబడ్డారు.

"మిషన్ మాట మీద పంపిన. నా మాట మీద ఆపుండ్రి. తప్పు నాదని రాసిస్త."

పని ఆగింది. కొత్త లెక్క వచ్చాక గుంతలు వెడల్పు చేశారు. సారును నెలల తరబడి సంజాయిషీలు అడిగారు. మాలో ఎవరి పేరూ ఆయన నోట రాలేదు. ఆయన దగ్గర పనిచేయడం నా అదృష్టం.

మరుసటి వానాకాలం వంతెన తెరిచారు. వాగు నిండుగా, ఎర్రగా పారుతోంది. ఒడ్డున జనం చప్పట్లు కొడుతుంటే సారు వంతెన మధ్యలో ఒక్కరే, పిట్టగోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. కిక్కిరిసిన మొదటి బస్సు ఆయన్ను రాసుకుంటూ పోయింది. అది అవతలి ఒడ్డెక్కేదాకా సారు కళ్లు తెరవలేదు, గోడ మీది చెయ్యి తియ్యలేదు.