వంద గింజలు చల్లితే నూటొకటి

ఆ రోజుల్లో పుస్తకంలో అచ్చయిన ప్రతి మాటనూ నేను దేవుడి వాక్కులా నమ్మేదాన్ని. జనగామ అంగట్లో మాది కిరాణా దుకాణం. మా నాయినకు తరాజు మీద ఎంత గురో, నాకు జీవశాస్త్రం పుస్తకం మీద అంత గురి. చదువు అయీ అవగానే బయ్యారం దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్సు టీచరుగా, ఏడాది కాంట్రాక్టు మీద చేరాను. "ఏడాది జూస్త బిడ్డా. మల్ల ఉంచుకుంటే మంచిదే, లేకుంటే వచ్చి గల్లా కాడ కూసో" అని నాయిన ముందే చెప్పి పంపాడు. బతుకంతా ఉప్పు ప్యాకెట్లు అందిస్తూ కూర్చోవడం తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. (ఉప్పు మీద నాకేమీ కోపం లేదు. ఇప్పటికీ కూరలో రెండుసార్లు వేస్తానని ఇంట్లో ఫిర్యాదు.)

ఏడాది చివర మానుకోట నుంచి ఒక అధికారి వచ్చి నా పాఠం చూస్తాడని కబురొచ్చింది. ఆయన రాసేదాన్ని బట్టే నన్ను ఉంచడమో, పంపడమో. పరిసరాలు మారే కొద్దీ జీవులు తరతరాలుగా ఎలా మారతాయన్నది నేనెంచుకున్న పాఠం. పుస్తకంలో దీనికొక ఆట ఉంది. నేల రంగులో కలిసిపోయే గింజలు యాభై, కలవనివి యాభై చల్లాలి. పిల్లలు పిట్టలై ముప్ఫై లెక్కపెట్టేలోగా ఏరాలి. కళ్లకు కనబడేవి పోతాయి, దాక్కున్నవి మిగులుతాయి. మిగిలినవాటికి పిల్లలు పుట్టాయనుకుని అవే గింజలు మరికొన్ని కలిపి మళ్లీ చల్లాలి. రెండు మూడు తరాలకల్లా నేలంతా దాక్కునే రకమే ఉంటుంది. బయ్యారం మట్టి ఇనుము కలిసిన ఎర్రమట్టి, ఒకసారి అంటితే బట్టను వదలదు. అందుకని నాయిన దుకాణం నుంచి ఎర్రటి కందులు, తెల్లటి బొబ్బర్లు తెప్పించాను. ముందురోజు సాయంత్రం బడి కాపలా తాతను పిట్టను చేసి పరీక్షించాను. ఆయన ముప్ఫై బొబ్బర్లు, రెండే రెండు కందులు ఏరాడు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చేసరికి నేను నేలమీద నిలవలేదు.

ఇక మిగిలిన భయం ఒక్కటే, మా తరగతిలోని వాగుడుకాయ. పక్క తండా పిల్ల, ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, రెండింటిలోనూ నోరు మూతపడదు. అధికారి ఉన్నంతసేపు మాట్లాడొద్దని చెప్పి పొద్దున్నే చేతిలో పల్లీపట్టి పెట్టాను. (లంచమే. ఒప్పుకుంటున్నాను.)

అధికారి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదిమంది పిల్లలను పిట్టలుగా వదిలి, నేను ఒకటి, రెండు అని గట్టిగా లెక్క మొదలుపెట్టాను. ఇరవై దగ్గరికి వచ్చేసరికి పిట్టలన్నీ లేచి చేతులు దులుపుకుంటున్నాయి. ఇంకా టైముంది, ఏరండి అన్నాను. ఇంకేం లెవ్వు టీచర్ అన్నారు. లెక్కపెడితే బొబ్బర్లు యాభై, కందులు యాభై, పైన ఆకుపచ్చ గుండీ ఒకటి. ఆ గుండీ పెద్ద టీచరమ్మ స్వెటర్‌ది, చలికాలం నుంచి ఆమె దానికోసం వెతకని చోటు లేదు.

నా చేతిలో రెండో తరం, మూడో తరం చార్టులు సిద్ధంగా ఉన్నాయి. మొదటి తరమే సమూలంగా పోయింది. ఏం చేయాలో తోచక, కొన్ని వదిలిపెట్టాలమ్మా, పిట్టలు అన్నీ తినవు కదా అని గొంతు తగ్గించి బతిమాలాను. ముందున్న పిల్ల నావైపు వింతగా చూసింది. "కింద వడ్డ గింజను ఇడిస్తే మా అమ్మ కొడ్తది టీచర్" అంది.

అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. వీళ్లంతా కోతలయ్యాక తల్లుల వెంట చేలల్లో పరిగె ఏరే పిల్లలు. రాలిన కంకీ గింజా ఇంటికి తెచ్చుకోవడమే ఆ పని. దుకాణంలో కందులు బస్తాలతో చూసిన నేను, మట్టిలోంచి కందిగింజ ఏరినవాళ్లకు దాగుడుమూతలు నేర్పబోయాను.

అధికారి లేచి వచ్చి, ఎర్రమట్టిలో ఎర్రగింజ ఎలా దొరికిందని సరిగ్గా వాగుడుకాయనే అడిగాడు. అది నావైపు చూసి పెదాలు బిగించింది. ఆయన మళ్లీ అడిగాడు. అది మళ్లీ నావైపు చూసింది. చెప్పవే తల్లీ అన్నాను, గల్లా కళ్లముందు కదులుతుండగా.

"రంగు జూస్తే దొరకది సార్. నీడ జూడాలె. గింజ గుండ్రంగుంటది గద, పక్కకు జరంత నీడ వడ్తది" అంది.

"మరి మీలాంటి పిట్టలుంటే ఏ గింజలు బతుకుతాయి?"

"నీడ వడని గింజలు సార్. బిల్లలెక్క సపటగున్నయి."

"అప్పుడు మీరేం తింటారు?"

"మేం ఇంకో తీర్గ జూసుడు నేర్సుకుంటం సార్."

ఆయన నవ్వకుండా నోటుపుస్తకంలో ఏదో రాశాడు. నేను తలకిందులుగా చదివాను. టీచర్ పాఠం చెప్పలేదు, పిల్లలే చెప్పారు అని ఉంది. ఆ సాయంత్రమే నాయినకు ఫోన్ చేసి, గల్లా పక్కన బస్తాలు జరిపి చోటు చెయ్యమని ఏడ్చాను. నెల తిరిగాక కాంట్రాక్టు పొడిగించారని కాగితం వచ్చింది. ఆయన రాసింది మెచ్చుకోలని నాకు అప్పుడు అర్థమైంది. నాయిన మాత్రం కందులు మంచివి పంపడం వల్లే నా నౌకరి నిలబడిందని చివరిదాకా చెప్పుకున్నాడు.

ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. ఆ ఆట మాత్రం మానలేదు. మొన్న తరగతికి ముందు, చూద్దామని నేనే పిట్టనయ్యాను. చత్వారం అద్దాలు పెట్టుకుని మరీ ఏరితే బొబ్బర్లు బాగానే దొరికాయి, కంది ఒక్కటీ లేదు. కాపలా తాత గుర్తొచ్చాడు. వాగుడుకాయ మాట కూడా గుర్తొచ్చి, మోకాళ్ల మీద వంగి చెంప నేలకు ఆనించినంత పని చేశాను. ఏం వోయింది టీచర్ అంటూ పిల్లలు చుట్టూ చేరారు. "ఏం వోలే, నీడ జూస్తున్న" అన్నాను. వాళ్లూ వంగారు. పాఠం మొదలుకాకముందే నేల ఖాళీ అయింది. చివరకు నా వేళ్లకు కూడా ఒక కందిగింజ తగిలింది. పొంగిపోయి తలెత్తితే పిల్లలంతా ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నారు. అది నాకోసం వాళ్లు వదిలిపెట్టిన గింజ.