టేబులమ్మ

పెళ్లికి ముందు నుంచీ ఆమెది డేటాబేస్ ఉద్యోగం. కవలలు పుట్టాక మానేసింది. వాళ్లు బడిబాట పట్టగానే ఇల్లు బోసిపోయింది. "గోడలతో మాట్లాడుకుంటూ ఎన్నాళ్లుంటావే? ఉద్యోగంలో చేరు. పిల్లల సంగతి నేను చూసుకుంటా" అని అత్తగారే పోరుపెట్టి పంపింది. అలా కంటి ఆసుపత్రిలో, మెట్ల కిందున్న కంప్యూటర్ గదిలో చేరింది.

చేరిన కొత్తలోనే పెద్ద నర్సు రుసరుసలాడుతూ వచ్చింది.

"ఏంటమ్మా ఇది? ఆడవాళ్ల వార్డు జాబితాలో మీసాల తాతగారి పేరొచ్చింది! చుక్కల మందుకి రమ్మంటే, గుమ్మం దగ్గరే సిగ్గుపడి నిలబడిపోయాడు పాపం."

గదంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వుతూనే కుర్చీ ముందుకు లాక్కుంది.

తప్పు త్వరగానే దొరికింది. పొద్దున్నే అన్ని వార్డులూ ఒకేసారి జాబితా అడుగుతున్నాయి. లోపల అందరికీ కలిపి ఉన్నది ఒకటే టేబుల్, అంటే పేర్లు నింపే గళ్ల పట్టిక. ఒక వార్డు తన రోగుల పేర్లు నింపుతుండగానే ఇంకో వార్డు తనవీ అందులోనే పోస్తోంది.

"ఎవరు జాబితా అడిగితే వాళ్లకో టెంపరరీ టేబుల్ పెడదాం సార్" అంది పై అధికారితో. "ఎవరిది వాళ్లకే కనిపిస్తుంది. పనైపోగానే దానంతటదే పోతుంది."

"పెట్టండి. పొద్దున రౌండ్లు మాత్రం ఆగకూడదు" అన్నాడాయన.

పెట్టింది. పేర్లు కలగాపులగం కాలేదు గానీ జాబితాలు నత్తనడక నడిచాయి. ఉత్సాహం కొద్దీ చిరునామాలు, పాత పరీక్షలు, స్కాన్ వివరాలు అన్నీ ఆ టేబుళ్లలోకి ఎత్తేసింది మరి!

"ఊరంతా మోసుకొచ్చావా అమ్మాయ్?" అంది పెద్ద నర్సు.

"ఒక్క పూట మీ వెంట తిప్పుకోండక్కా" అని ఆమె వార్డంతా తిరిగింది. నర్సుల చూపు ఎక్కడ ఆగుతోందో గమనించింది. మంచం నంబరు, పేరు, ఏ కన్ను, ఏ మందు. అంతే! మిగతావన్నీ తీసేసి, చటుక్కున దొరికేలా మంచం నంబరు మీద ఇండెక్స్ పెట్టింది.

మర్నాడు వార్డులన్నీ ఒకేసారి మీట నొక్కాయి. రెప్పపాటులో జాబితాలు వచ్చేశాయి, ఎవరివి వాళ్లకే. "వచ్చేశాయే తల్లీ!" అని పెద్ద నర్సు మెట్ల మీంచి పెట్టిన కేకకి ఆమె కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రంతా ఆమెను టేబులమ్మ అని పిలవసాగింది.

ఆ పేరు ఇంటిదాకా పాకింది.

"అమ్మా, నువ్వు బల్లలు చేస్తావా?" అడిగాడు కవలల్లో ఒకడు.

"చేస్తాను నాన్నా. పనైపోగానే మాయమైపోయేవి."

"అయితే మా బల్లని కూడా మాయం చెయ్యవా," అన్నాడు రెండోవాడు, "దానిమీదున్న హోంవర్కుతో సహా!"

అత్తగారు నవ్వలేక పొట్ట పట్టుకుంది.