వినిపిస్తోందా అని అడిగిన గొంతు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున నేను వార్డులో ఉండగా మా తోటి సిస్టరు వచ్చి, "మీ తెలుగు టీచర్‌గారు పోయారంట. ఇప్పుడే ఫోనొచ్చింది" అంది. చేతిలో ఉన్న సెలైన్ సీసా తగిలించి, చుక్కలు సరిచేసి, అప్పుడు కూర్చున్నాను. టిఫిను చేసి, పేపరు తెరిచి, కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారట. ఆసుపత్రికి తీసుకొచ్చే వ్యవధి కూడా ఇవ్వలేదు.

మధ్యాహ్నం వెళ్ళేసరికి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టేశారు. ఫోటో కింద 'విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని' అని ఉంది. తిరువూరులో ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇంటికొకరు ఉంటారు, కాబట్టి అది నిజమే. కానీ ఆవిడ చేసిన ఇంకో పని గురించి అందులో లేదు. ఉండదని నాకు ముందే తెలుసు. "ఎవరికైనా చెప్పనా టీచర్?" అని ఒకసారి అడిగితే, "ఇప్పుడెందుకులే, పోయాక చెప్పుకో" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నా చిన్నప్పుడు టీవీలో ఆదివారం పొద్దున అంతరిక్షం కథ ఒకటి వచ్చేది. దాని అసలు పేరు మా వీధిలో ఎవరూ పలకలేదు. అందరికీ అది రాకెట్టు సీరియల్. మా నాన్నది బస్టాండు దగ్గర టీవీ, రేడియో రిపేరు కొట్టు. ఆ గంటసేపు కొట్టు ముందు సైకిళ్ళు నిలిపి జనం నిలబడిపోయేవాళ్ళు. థర్మోకోలు గోడలు, వెండి కాగితం అంటించిన తలుపులు, గోడ నిండా మినుకుమనే దీపాలు. "అవి పెళ్ళిళ్ళకి కట్టే బల్బులే" అని నాన్న నవ్వేవారు. నవ్వుతూనే కన్ను తిప్పకుండా చూసేవారు.

అందులో కథానాయకుడు అంతరిక్షంలో ఓడ నడిపేవాడు. కథానాయిక అతని కోసం ఎదురు చూసేది. వీళ్ళిద్దరూ కాక, భూమ్మీది కేంద్రంలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే అమ్మాయి ఒకతె ఉండేది. కత్తిరించిన జుట్టు, తెల్ల చొక్కా. వారానికి ఒకటో రెండో మాటలు. "భూకేంద్రం మాట్లాడుతోంది. వినిపిస్తోందా?" అని అడిగేది, జవాబు రాసుకునేది, అంతే. ఆ పాత్రకి పేరు కూడా పెట్టలేదు.

ఒక వారం మాత్రం కథ ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఓడ జాడ పోయింది. ఓడ నడిపేవాడి తల్లి, ఎప్పటిలాగే కొడుకుతో మాట్లాడదామని కేంద్రానికి వచ్చింది. పైఅధికారి తన నోటితో చెప్పలేక, నువ్వు చెప్పమని ఈ అమ్మాయికి సైగ చేసి వెళ్ళిపోయాడు. అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. స్టూలు దగ్గరికి లాక్కుని, ఆ తల్లి ముఖం కంటే కిందకి ఉండేలా కూర్చుంది. "అమ్మా, నిన్న సాయంత్రం నుంచి ఓడ మాట రావడం లేదు. ఇక రాదమ్మా" అంది. తర్వాత ఏమీ అనలేదు. తల దించుకోలేదు, కళ్ళు తుడుచుకోలేదు, ఆ తల్లినే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి తల్లి, "నిన్న అన్నం తిన్నాడా?" అని అడిగింది. అమ్మాయి పెదవి ఒక్కసారి కదిలి ఆగింది. "తిన్నాడమ్మా" అంది.

కొట్టు ముందు ఎవరూ కదల్లేదు. ఆ రోజు నాన్న ఎవరిదో వీసీఆర్ బాగుచేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని ఆ భాగాన్ని టేపు మీదకి ఎక్కించారు. చివర్లో కరెంటు పోయింది గానీ ఆ సన్నివేశం మొత్తం పడింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి కొత్త తెలుగు టీచర్‌గారు వచ్చారు. పొడుగు జడ, నేత చీర. ఊళ్ళో పేరున్న రైతు కుటుంబం కోడలు. పాఠం మొదలుపెట్టే ముందు సుద్దముక్కని రెండుగా విరిచేవారు. హాజరు పిలిచేటప్పుడు పేరు చదివి, ఆ పిల్ల ముఖం కనబడేదాకా తలెత్తి చూసి, అప్పుడు టిక్కు పెట్టేవారు. మేం పద్యం చదువుతుంటే, "వెనక బెంచీకి వినబడాలంటే అరవక్కర్లేదమ్మా, మాట చివర మింగకుండా ఉంటే చాలు" అనేవారు. ఈ మాట ఆవిడకి ఎక్కడ అబ్బిందో మాకు అప్పుడు తెలియదు.

ఒకరోజు ట్రాన్సిస్టరు పట్టుకుని మా కొట్టుకి వచ్చారు. "శబ్దం వస్తోందండీ, మాట వినిపించడం లేదు" అన్నారు. నాన్న టంకం పెడుతున్నవారు చేయి ఆపి తలెత్తారు.

"టీచరమ్మగారూ, తప్పుగా అనుకోకండి. అప్పట్లో రాకెట్టు సీరియల్లో వేసింది మీరేనా?"

"నేను కాదండి. చాలామంది అలాగే అంటారు" అని ఆవిడ చీటీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి, "చాలామంది అంటున్నారంటే ఆవిడేనే" అన్నారు నాన్న. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నన్ను కూడా ఎత్తనివ్వలేదు.

నేను నర్సునై ఇదే ఊళ్ళో పనిలో చేరిన కొన్నేళ్ళకి, టీచర్‌గారి అత్తగారు పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మామగారు అప్పటికే కాలం చేశారు. డ్యూటీ దిగాక సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళి ఇంజెక్షన్ చేసి వచ్చేదాన్ని. పెద్దావిడకి చెవులు మందగించాయి. ఒకరోజు టీచర్‌గారు మంచం మీదకి వంగి, "అత్తయ్యా, సిస్టరొచ్చింది. వినిపిస్తోందా?" అన్నారు.

"వినిపిస్తోంది. అప్పుడూ వినిపించింది" అన్నారు పెద్దావిడ.

"అప్పుడంటే?"

"ఆ రాకెట్టులో. చెవులకి డిప్పలు పెట్టుకుని ఇలాగే అడిగేదానివి కదే."

టీచర్‌గారు మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను సిరంజి పట్టుకుని నిలబడిపోయాను.

టీచర్‌గారు పెళ్ళికి ముందు హైదరాబాదులో చదువుకుంటూ నాటకాల్లో వేసేవారు. సీరియల్ తీసింది అప్పుడే. అది టీవీలో వచ్చేసరికి పెళ్ళయి ఇక్కడికి వచ్చేశారు. భర్తకి తెలుసు, ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ఆ సంగతి తన తండ్రికి తెలియకూడదు. మామగారికి నాటకాలాడే ఆడవాళ్ళంటే గిట్టదు. ఆదివారం పొద్దున ఇల్లంతా హాల్లో కూర్చుని సీరియల్ చూస్తుంటే, కొత్తకోడలు వంటింట్లో పెసరట్లు పోస్తూ తన గొంతు తనే వినేది. తన బొమ్మ తను ఒక్కసారి కూడా చూసుకోలేదు.

"మీకెప్పుడు తెలిసిందత్తయ్యా?"

"రెండో వారమే. జుట్టు మారిస్తే గొంతు మారుద్దా? మీ మామగారి ముందు అంటే నిన్ను బతకనిచ్చేవారా? తర్వాతైనా నువ్వే చెప్తావని చూశా."

టీచర్‌గారు అడిగారు. "ఆ తల్లి వచ్చిన వారం, మీరు కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, 'తను ఏడవకుండా నన్ను ఏడిపించిందే ఆ పిల్ల' అన్నారు. అది నాకే చెప్పారా?"

"మరింకెవరికి చెప్తాను?"

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, నాన్న అటక ఎక్కి టేపు తీశారు. మూడు రోజులు కూర్చుని పాత వీసీఆర్ ఒకటి నడిపించారు. ఆ శుక్రవారం నమాజు నుంచి వచ్చాక దాన్ని మోపెడ్ మీద పెట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళారు, నేను వెనక కూర్చుని టేపు పట్టుకున్నాను. పెద్దావిడ మంచాన్ని టీవీ వైపు తిప్పాం. టీచర్‌గారు మంచం పక్కన నేలమీద కూర్చున్నారు.

బొమ్మ గీతలు గీతలుగా వచ్చింది. తనని తాను చూసుకున్నప్పుడు ఆవిడ ముఖంలో సంతోషం వెతికాను. కనిపించలేదు. దూరపు చుట్టాన్ని గుర్తుపట్టడానికి చూసినట్టు చూశారు. 'తిన్నాడమ్మా' అన్నాక పెద్దావిడ, "అది అబద్ధం కదే" అన్నారు.

"అబద్ధమే అత్తయ్యా. కాగితం మీద ఆ ప్రశ్నే లేదు. తల్లి వేషం వేసినావిడ అప్పటికప్పుడు అడిగేసింది. అక్కడ నేను కాళ్ళమీద పడి ఏడవాలని రాశారు. నేనే వద్దని బతిమాలుకున్నా."

"ఎందుకు వద్దన్నారు టీచర్?" అని అడిగాను.

"ఆ ఏడుపు ఆ తల్లిదమ్మా. చెప్పేవాళ్ళే ముందు ఏడిస్తే ఆవిడకి చోటేది?"

టీచర్‌గారే మళ్ళీ, "ఎడమ చెయ్యి అలా బిగించకుండా ఉండాల్సింది" అన్నారు, బొమ్మ ఆగిపోయిన టీవీని చూస్తూ. నాన్న చెమర్చిన కళ్ళతో వైర్లు చుడుతూ కూర్చున్నారు. పెద్దావిడ ఆ తర్వాత రెండు నెలలు ఉన్నారు.

నా ఉద్యోగంలో ఆ సన్నివేశం నాకు చాలాసార్లు ఎదురైంది. గంపలగూడెం నుంచి ఆటోలో భర్తను తెచ్చుకున్న ఒకామెకి, అతను లేడని నేనే చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు ఇలాంటి మాటలు గుమ్మంలో నిలబడి, కాగితం చూస్తూ గబగబా చెప్పేదాన్ని. ఆ రోజు స్టూలు లాక్కుని ఆమెకంటే కిందకి కూర్చున్నాను. చెప్పి ఊరుకున్నాను. ఆమె నా భుజం మీద తలపెట్టి ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. ఈ సంగతి టీచర్‌గారికి చెబితే, నా చేయి పట్టుకుని, "నేను నటించాను, నువ్వు నిజంగా చేశావు" అన్నారు.

ఆఖరుసారి చూసింది పత్తి తీతల రోజుల్లో. బీపీ చూపించుకోవడానికి వచ్చి, మందులు సంచిలో వేసుకుని, ఆటో వద్దని నడిచే బయల్దేరారు. నేను గేటు దాకా వెళ్ళాను. ఎదురుగా పత్తి నింపుకున్న ట్రాక్టరు వస్తుంటే ఆవిడ రోడ్డు పక్కకి జరిగి నిలబడ్డారు. ట్రాక్టరు కుదుపుకి దూది రేగి ఆ వీధంతా తేలింది. కొంత ఆవిడ జుట్టు మీద, కొంత భుజాల మీద వాలింది. ఆవిడ దులుపుకోలేదు. బండి దాటిపోయేదాకా ఆగి, ఒంటినిండా ఆ తెలుపుతోనే, ఎండలో నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళారు.