ఒటూ తాత జెండా భోజనం

ఒటూ తాత అన్నం తినేవాడు కాదు, జెండా తినేవాడు. ఆఫ్రికాలో మా ఊరు కేప్ కోస్ట్‌లో, మా వీధి చివర అరబా నడిపే పూటకూళ్ళ కొట్టులో ఆయన పళ్ళెం తీరే వేరు. పైన ఎర్రగా టమాటా కూర, మధ్యన పసుప్పచ్చగా అరటిపండు వేపుడు, కింద ఆకుపచ్చగా చేమాకు కూర, నట్టనడుమ షిటో అనే నల్లటి మిరపకాయ పచ్చడితో అయిదు మొనల నక్షత్రం; అచ్చం మా దేశం జెండా. ఏది తప్పినా ముద్ద ఎత్తడు.

"ఎరుపంటే స్వాతంత్ర్యం కోసం పోయినవాళ్ళ రక్తం" అంటూ కూర జుర్రేవాడు. పక్కవాడికి ముద్ద దిగేది కాదు. "పసుపు మన బంగారం. ఇంకో రెండు ముక్కలెయ్యమ్మా, దేశం బీదదైపోయింది!"

ఎవరైనా ఆకుపచ్చ పైకొచ్చేలా పళ్ళెం తిప్పారా, "ఒరే, ఇథియోపియా జెండా చేసేశావు కదరా!" అని కేకలు. ఓసారి షిటో అయిపోతే పళ్ళెం వెనక్కి తోసేశాడు. "నక్షత్రం లేకపోతే ఇది బొలీవియా జెండా. బొలీవియాని నేనెందుకు తినాలి?"

అరవై నాలుగులో ప్రభుత్వం జెండాలో పసుపు తీసేసి తెలుపు పెట్టింది. రెండేళ్ళు తాత అరటిపండు ముట్టలేదు, తెల్లన్నమే. పసుపు తిరిగొచ్చిన రోజు తిన్న అరటిపళ్ళకి వారం మంచం దిగలేదు.

తరవాత కొన్నేళ్ళకి అరబా భర్త జ్వరంతో పోయాడు. ఆమె పొయ్యి ఆర్పేసింది. గిన్నెలమ్మేసి పుట్టింటికి పోతానంది. వీధంతా వచ్చి జాలిపడింది; ఎవరు పలకరించినా ఆమెకి ఏడుపే. అప్పుడు తాత ఖాళీ పళ్ళెంతో దిగాడు.

"అమ్మాయ్, జెండా!"

"పొయ్యి లేదు తాతా."

"దేశం ఉందిగా!"

సిగ్గులేని ముసలాడనుకున్నాం. వండేదాకా కదల్లేదు. ఆమె విసురుగా వండి పడేసింది. తాత వంగి చూశాడు.

"నాలుగే మొనలు! ఇది నక్షత్రమా, గాలిపటమా?"

"మింగు! అయిదోది కడుపులో మొలుస్తుంది!"

"ఆకుపచ్చంటే మన అడవి. ఏదీ అడవి? గడ్డి కూడా లేదు!"

"గడ్డి మేస్తావా? తెస్తానుండు!" అని గరిటె పట్టుకుని లేచింది.

రోజూ ఇదే యుద్ధం. తమాషా చూడ్డానికొచ్చినవాళ్ళు ఊరికే పోలేక తినడం మొదలెట్టారు. అయినా నాకు ఉండబట్టలేదు.

"ఏం తాతా, పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషిని అలా సతాయిస్తావా?"

తాత గొంతు తగ్గించాడు. "జాలిపడితే ఏడుస్తుంది రా. నన్ను తిడుతున్నంతసేపూ ఏడవదు. లేకపోతే ఆ నక్షత్రం నాకెందుకు? కారం తినొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు."

లోపలినుంచి అరబా తల బయటపెట్టింది.

"నీ కడుపు సంగతి నాకు తెలీదనుకున్నావా? నీకు పెడుతున్నది మిరపకాయ తగలని షిటో. నీ ఒక్కడికే వేరే చేస్తున్నా!"

తాత దిగ్గున లేచాడు. "ఏవిటీ? ఆఫ్రికా స్వేచ్ఛకి గుర్తమ్మా ఆ నక్షత్రం! దాన్ని చప్పగా చేస్తావా? దేశద్రోహీ!"

అరబా పకపకా నవ్వి, మళ్ళీ గరిటె ఎత్తింది.