ముడుపులో మార్చిన రూపాయి

నాలుగేళ్ళుగా ఒక రూపాయి బిళ్ళ బరువు మోస్తున్నాను. వింటే నవ్వొస్తుంది కదూ. రూపాయికి బరువేమిటి? అయినా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ నేను ఏ మాటా పూర్తి చేయలేను. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంటికి చుట్టాలొస్తే గదిలోకి వెళ్ళి పుస్తకం తెరుచుకునే రకం. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు రాస్తాను. ఆ డైరీలో కూడా ఈ సంగతి లేదు. ఆ రోజు పేజీలో "వాన. విశేషాలేమీ లేవు" అని ఉంది.

విశేషం ఉంది.

మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. గోడ పక్క ఇల్లు మంగ పిన్నిగారిది. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. బాబాయిగారు కువైట్‌లో డ్రైవరు. వాళ్ళమ్మాయి రాజమండ్రి హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆయన బయల్దేరే ముందు పిన్నిగారు వాడపల్లి వెంకన్నకి ముడుపు కట్టారు. పసుపు గుడ్డలో రూపాయి మూటగట్టి, ఆయన క్షేమంగా తిరిగొస్తే ఇద్దరూ కలిసి వెళ్ళి హుండీలో వేస్తామని మొక్కుకుని, దేవుడి గూట్లో పెట్టారు.

ఆ రూపాయి బాబాయిగారే ఇచ్చారు. పాత స్టీలు బిళ్ళ. ఒక పక్క అంచు చంద్రవంకలా లోపలికి పోయి ఉండేది. "ఇది జేబులో ఉన్న రోజే వీసా వచ్చిందమ్మా, అచ్చొచ్చిన బిళ్ళ" అంటూ నాకూ చూపించారు. అది అలా ఎందుకుందని నేను అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే అక్కడితో పోయేది.

ఆ మరుసటి ఏడాది నాకు నాణేల పిచ్చి పట్టింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఫోన్లో ఒక నాణేల గ్రూపు దొరికింది. అక్కడ నోరు విప్పక్కర్లేదు, టైపు చేస్తే చాలు. టంకశాలలో పొరపాటున తప్పుగా తయారైన నాణేలంటే అక్కడివాళ్ళకి ప్రాణం. రేకులోంచి బిళ్ళలు కత్తిరించేటప్పుడు రేకు సరిగ్గా జరక్కపోతే, ముందు బిళ్ళ తీసిన కన్నం మీదే కత్తి పడుతుందట. అప్పుడు కొత్త బిళ్ళకి ఒక పక్క చంద్రవంకంత ముక్క తక్కువ పడుతుంది. అలాంటి నాణెం బొమ్మ ఒకటి ఎవరో పెట్టారు. బొమ్మ పెద్దది చేసి చూశాను. నేను దీన్ని చూశాను. పక్కింట్లో ఉంది.

నాణేలు ఒక డబ్బాలో దాచుకుంటుంటే పిన్నిగారు నన్ను ఆటపట్టించేవారు. "చెల్లని కాణీలన్నీ ఏరుకుంటున్నావేంటే, రేప్పొద్దున్న నీ మొగుడు కట్నం కింద డబ్బా పట్టుకెళ్ళాలా?" అని. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నన్ను నమ్మేవారు. రాజోలులో అన్నగారింటికి వెళ్తూ తాళాలు నా చేతికిచ్చి, దీపం పెట్టమన్నారు. "నువ్వయితే ఒక్క వస్తువు కదపవు" అన్నారు.

రెండో రోజు సాయంత్రం దీపం పెట్టి, ముడుపు విప్పాను. నా డబ్బాలో వెతికి అలాంటి పాత స్టీలు రూపాయి ముందే తీసిపెట్టుకున్నాను. దానికి పసుపు రాశాను, పాతదిలా కనబడాలని. అదే గుడ్డ. అదే ముడి. నా చేతులు వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే దానికే భయం వేస్తుంది.

ఎందుకు చేశాను? అమ్ముకోవాలని లేదు. ఒక్కసారి ఆ గ్రూపులో పదిమంది నా నాణెం గురించి మాట్లాడుకోవాలనిపించింది. ఎవరో ఒకరు నన్ను "మీరు" అని పలకరించి, ఎక్కడ దొరికిందండీ అని అడగాలి. అంత చిన్న కోరికకి దేవుడి మూట విప్పుతారా ఎవరైనా?

ఫోటో పెట్టాను. ఒక పెద్దాయన, "ఎదుటి అంచు చూపించండమ్మా" అని అడిగారు. నిజంగా టంకశాలలోనే ముక్క పోయిన నాణెమైతే, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కట్టు కూడా నీరసంగా పడుతుందట. అచ్చు వేసినప్పుడు లోహం ఖాళీ వైపు జారి అక్షరాలు పలచబడతాయట. నా బిళ్ళకి ఎదుటి అంచు నిండుగా ఉంది. వంపు దగ్గర అక్షరాలు కోసినట్టు తెగిపోయి ఉన్నాయి. వంపు లోపల సన్నటి గీతలు. "ఇది పొరపాటు నాణెం కాదు. ఎవరో అరగదీశారు" అని ఆయన రాశారు.

ఆ గీతలు నేను ముడుపు విప్పిన రోజే చూశాను.

తిరిగి పెట్టేద్దామనుకున్నాను. తాళాలు మళ్ళీ చేతికొస్తే చాలు. లేదా, "పిన్నిగారూ, ఒక తప్పు చేశాను" అనే ఒక్క వాక్యం చాలు. అద్దం ముందు అనుకుని చూసుకున్నాను కూడా. ఇవాళ, రేపు, వచ్చే వారం.

ఇంతలో బాబాయిగారి ఫోన్లు మారాయి. కాళ్ళు వాస్తున్నాయని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, వచ్చేస్తాననీ అన్నారు. ఒప్పందం ఇంకా ఎనిమిది నెలలుంది. అయినా సరే రమ్మనేస్తానని శుక్రవారం నాడు పిన్నిగారు మా అమ్మతో చెప్పారు. మర్నాడు ముసురు. ముడుపు గుడ్డకి బూజు పట్టిందని, శనివారం కదా అని, కొత్త గుడ్డ కట్టడానికి విప్పారు.

"అమ్మడూ! పరుగెత్తుకు రావే!"

వెళ్ళాను. పిన్నిగారి అరచేతిలో నా రూపాయి.

"చూడవే. గుండ్రంగా ఉంది కదా? నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా?"

"ఆయ్."

"తలుపు గడియ కమ్మీకి అడ్డం పెడదామని మీ బాబాయిగారు ఆకురాయితో అరగదీసేరే దీన్ని. నా ముందే అరగదీసేరు. కుదర్లేదని జేబులో వేసుకున్నారు. ఇప్పుడా వంకేదీ? పూడిపోయింది! కట్టినదాన్ని నేను, ఇవాళ్టిదాకా విప్పలేదు. నువ్వు చదువుకున్నదానివి, బిళ్ళల సంగతి తెలిసినదానివి. దానంతటది పూడుతుందేంటే?"

చెప్పు, చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. బిళ్ళ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

"మూగనోము పట్టేవేంటే? చెప్పు."

"ఏమోనండీ పిన్నిగారూ," అన్నాను. "స్వామి దయేమోనండీ."

"అంతే! ఆయనకేం కాదని చెప్పేసేడు స్వామి."

నా ముందే ఫోన్ చేశారు. కంగారు పడొద్దని, స్వామి గుర్తు చూపించాడని, ఆ ఎనిమిది నెలలూ పూర్తి చేసి నిదానంగా రమ్మని చెప్పారు. ఆమె ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. నా జీవితంలో నా మాటతో ఇంకొకరు అంత సంతోషించడం కూడా అదే మొదటిసారి.

ఆరు వారాలకి కబురొచ్చింది. నిద్రలోనే పోయారు. పెట్టె రావడానికి ఇంకో ఇరవై రోజులు పట్టింది.

అప్పుడే వచ్చి ఉంటే బతికేవారా? ఏమో. ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసార్లు ఆగాను. జవాబు లేని ప్రశ్న కాబట్టి ఆగడానికి వీలుగా ఉంటుంది. జవాబున్న ప్రశ్న వేరే ఉంది. ఆ శనివారం నేను నిజం చెబితే పిన్నిగారు ఏం చేసేవారు? రమ్మనేవారు. ఆ మాట అప్పటికే ఆమె నోట్లో ఉంది.

వీధిలో, వస్తానన్న మొగుణ్ణి డబ్బుకి ఆశపడి ఆపేసిందని అన్నారు. పిన్నిగారు రూపాయి సంగతి చెబితే మతి చలించిందన్నారు. "నాన్నని నువ్వే రావద్దన్నావు" అని వాళ్ళమ్మాయి ఒక్క మాట అని వెళ్ళిపోయింది. పండగలకి కూడా రాదు. ఫోన్ ఎత్తినా రెండు మాటలు, అంతే. ఇవన్నీ నేను మా గదిలోంచి, పుస్తకం చేతిలో పట్టుకుని విన్నాను. ఒక్కసారి కూడా గుమ్మం దాటి వెళ్ళి నోరు తెరవలేదు.

ఈ మధ్య పిన్నిగారు మా అమ్మతో అంటుంటే విన్నాను. "ఆయన అసలు అరగదీసేరో లేదో అక్కా. నేనే ఏదో ఊహించుకున్నాననుకుంటా. బిళ్ళ మొదట్నుంచీ గుండ్రంగానే ఉందేమో."

ఆమెకి తన కళ్ళ మీద కూడా నమ్మకం పోయింది. అరగదీసిన ఆ బిళ్ళ నా డబ్బాలో, కాగితం పొట్లంలో ఉంది. పిన్నిగారి కళ్ళు సరిగ్గానే చూశాయని ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ముడుపు విప్పింది నేను. రూపాయి మార్చింది నేను. స్వామి దయ అన్నది నేను. ఈ మూడు వాక్యాలు రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. క్షమించమని మిమ్మల్ని అడగను. మీకా హక్కు లేదు, అడిగే హక్కు నాకూ లేదు. కానీ రాస్తుంటే ఊపిరి చాలా రోజుల తర్వాత పొట్ట దాకా వెళ్తోంది. అందుకు సిగ్గుగా కూడా ఉంది. గోడ అవతల పిన్నిగారు గిన్నెలు తోముతున్నారు. తెలియని మీకు చెప్పాను. ఆమెకి ఇంకా చెప్పలేదు.