మా బాల్కనీ జలాశయం

పోయినేడు వేసవిలో కోల్‌కతాలో మా వీధికి వచ్చిన నీటి కరువుకి ఎండలు కారణం. మా ఇంటికి వచ్చిన కరువుకి మాత్రం నేనే కారణం. అప్పుడు కడుపారా ఏడ్చాను కాబట్టి, ఇప్పుడు మీరు నవ్వినా ఏమీ అనుకోను.

"వానలు పడేదాకా కుళాయి పొద్దున ఒక్కపూటే, నీళ్లు పట్టి పెట్టుకోండి" అని కార్పొరేషన్ వాళ్లు మైకులో చెప్పి వెళ్లారు. మా బాబుకేమో ఒళ్లంతా చెమటకాయలు. సాయంత్రం నీళ్లు పోయకపోతే తెల్లారేదాకా కచేరీ! అంతే, నాలో ఆనకట్టలు కట్టే ఇంజనీరు నిద్రలేచింది. బకెట్లు, గిన్నెలు, చివరికి బాబు ఆడుకునే టబ్బు కూడా నింపేశాను. బాల్కనీ చాలక కొన్ని మంచం కిందికి తోశాను. మూతలంటారా? అన్ని మూతలు ఎవరింట్లో ఉంటాయండీ!

పై అంతస్తు పార్వతి పిన్నిది శ్రీకాకుళం. పైనుంచి తొంగిచూసి, "ఏటమ్మా, చేపలు పెంచుతున్నావేటి?" అంది.

"ముందుచూపు పిన్నీ!"

వారం తిరిగేసరికి మెడలో కార్డులతో ఇద్దరమ్మాయిలు వచ్చారు. "కార్పొరేషన్ నుంచి, బౌదీ. ఇంట్లో నీళ్లేమైనా నిలవ పెట్టారా?"

బెంగాలీలో వదినా అని వరస కలిపేసరికి, పొదుపరులను మెచ్చుకోడానికి వచ్చారనుకున్నాను. "ఎందుకు పెట్టలేదు! రండి, రండి!" మంచం కిందవి కూడా లాగి, పెళ్లిచీరలు చూపించినట్టు చూపించాను.

ఒకమ్మాయి టబ్బులోకి టార్చి వేసింది. సన్నటి పురుగులు హుషారుగా గుంజీలు తీస్తున్నాయి.

"మేం డెంగీ వాళ్లం, బౌదీ. ఇవన్నీ పారబోయాలి."

"అయ్యో! మీ వాళ్లేగా పట్టుకోమన్నది!"

"వాళ్లది నీళ్ల విభాగం. వాళ్లు పట్టుకోమంటారు, మేం పారబోయమంటాం. మూత పెడితే ఎవరికీ గొడవుండదు."

చూస్తుండగానే నా జలాశయమంతా తూములోకి పోయింది. "మంచం కిందవి వదిలెయ్యమ్మా" అని బతిమాలితే, "మీరే కదా చూపించారు!" అంది.

సాయంత్రం బాబు గోక్కుంటూ రాగం ఎత్తుకున్నాడు. ఇంట్లో మూత ఉన్నది తాగేనీళ్ల డబ్బా ఒక్కటే. వంచేశాను.

మావారు ఆఫీసు నుంచి నాలుక పిడచకట్టుకుని వచ్చారు. "కాసిని మంచినీళ్లివ్వు."

"బాబుకి పోశానండీ."

"మొత్తమా?"

"తలస్నానం కూడా చేయించాను."

సంగతి విన్న పిన్ని చెంబుతో దిగొచ్చింది. "తాగీ బాబూ. దీనికి మాత్రం చూపించకు, ఎవలినో పిలిచి ఇవి కూడా పారబోయించేస్తాది."

అందుకే, పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కార్పొరేషన్ వాళ్లు తలుపు కొడితే, "మీరు నింపమనేవాళ్లా, వంచమనేవాళ్లా?" అని అడిగాకే గొళ్లెం తీస్తాను.